నత్తికి వైద్యం చేసే చోట ఫోనే మొదటి పరీక్ష

కాకినాడలోని ఒక ప్రైవేటు స్పీచ్ థెరపీ కేంద్రానికి గత జూన్ నుంచి ఈ ఫిబ్రవరి వరకు, మొదట నాలుగున్నరేళ్ల మా అబ్బాయి కోసం, ఆ తరువాత నలభై రెండేళ్ల నా కోసం తిరిగిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. కేంద్రం పేరు రాయడం లేదు. నేను మెచ్చుకోబోయేది అక్కడి థెరపిస్టును, తప్పు పట్టబోయేది అక్కడి ముందుగదిని; పేరు రాస్తే ఆ రెండో మాట చిన్న జీతానికి పనిచేస్తున్న ఒక అమ్మాయి ఉద్యోగానికి చుట్టుకుంటుంది. పేరు లేకపోయినా ఇది ఉపయోగపడుతుందనే అనుకుంటున్నాను, ఎందుకంటే కోనసీమలో గానీ, ఏటి అవతల పాలకొల్లు, భీమవరం వైపు గానీ, పిల్లవాడి మాట తడబడుతుంటే ఎక్కడికి తీసుకువెళ్లాలో, అక్కడ ఏమి చూసుకోవాలో తెలియని తల్లిదండ్రులు నాకు తెలిసిన వాళ్లలోనే నలుగురైదుగురు ఉన్నారు.

అక్కడ అపాయింట్‌మెంటు ఫోన్‌లోనే తీసుకోమంటారు. నత్తికి చికిత్స చేసే చోట సమయం తీసుకోవడానికి ఫోన్ తప్ప వేరే దారి చెప్పకపోవడం, మోకాళ్ల నొప్పుల ఆసుపత్రిని లిఫ్టు లేని మూడో అంతస్తులో పెట్టినట్టుంది. నేను అంబాజీపేటలో ఒక కొబ్బరి కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. ఆ రోజు మధ్యాహ్నం కొట్టు వెనక, ఒలిచిన కాయల రాశి పక్కన నిలబడి నంబరు నొక్కాను. “హలో, చెప్పండి” అని ఒక అమ్మాయి గొంతు వినిపించింది. “పిల్లవాడికి” అని మొదలుపెట్టాలి. పెదవులు మూసుకున్నాయి, మూసుకున్నవి తెరుచుకోలేదు. నత్తి అంటే ఒకే అక్షరాన్ని పదిసార్లు పలకడమేనని చాలామంది అనుకుంటారు. నాది అలా వినిపించేది తక్కువ. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు మాట లోపలే బిగుసుకుపోతుంది, అవతలివాళ్లకు నిశ్శబ్దం తప్ప ఏమీ చేరదు. ఆ అమ్మాయి రెండుసార్లు “హలో, హలో” అని పెట్టేసింది. రెండోసారీ అంతే జరిగింది. మూడోసారి తెలివిగా “మా అబ్బాయికి నత్తండి” అని ఒక్క ఊపులో అనేశాను, కానీ ఆమె వెంటనే “మీ పేరు?” అని అడిగింది. నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి లోకంలోని మాటలన్నిటికన్నా కష్టమైనది సొంత పేరు, ఎందుకంటే దానికి బదులు ఇంకో మాట వాడడానికి వీల్లేదు. “లైన్ బాలేదండి, మళ్లీ చేయండి” అని ఆమె ఫోన్ పెట్టేసింది. లైన్ బాగానే ఉంది. నాలుగోసారి మా ఆవిడ మాట్లాడి శనివారం పదకొండు గంటలకు సమయం తీసుకుంది.

లోపలి గది విషయానికి వస్తే, థెరపిస్టు గారి తీరు మీద నాకు ఫిర్యాదు లేదు. మొదటి రోజే, మేము అడగకుండానే, భారత పునరావాస మండలిలో తన నమోదు పత్రాన్ని చూపించి, ఎక్కడికి వెళ్లినా ముందు ఇదే అడగమని చెప్పారు. “పూర్తిగా పోతుందా అండి?” అని మా ఆవిడ అడిగితే, పోతుందని మాట ఇవ్వలేనని, మాట ఇచ్చేవాళ్లను నమ్మవద్దని అన్నారు. బస్టాండు గోడల మీద నత్తిని రోజుల లెక్కన మాయం చేస్తామనే ప్రకటనలు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి ఆ ఒక్క జవాబుకే నాకు సగం నమ్మకం కలిగింది. నా తొమ్మిదో ఏట మా మేనమామ ఒకాయన నన్ను ఒక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లి నాలుక కింద నరం కోయించాడు. నాలుగు రోజులు జావ తాగాను, నత్తి మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది. ఇది మా ఊరి మొరటుతనమనే ఇన్నాళ్లూ అనుకున్నాను. 1841లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే పేరుమోసిన శస్త్రవైద్యుడు నత్తి పోగొడతానని నాలుకలనే కోశాడని థెరపిస్టు గారు చెప్పాక మా మేనమామ మీద కోపం కొంత తగ్గింది.

పిల్లవాణ్ణి ముప్పావు గంట ఆడిస్తూ, మాటలు రికార్డు చేస్తూ పరీక్షించారు. నత్తి సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య, మాటలు వరదలా వచ్చే వయసులో మొదలవుతుందని, నూరుమంది పిల్లల్లో ఐదుగురికి ఏదో ఒక దశలో అది కనిపిస్తుందని, వారిలో నాలుగింట మూడు వంతుల మందికి దానంతట అదే పోయి, పెద్దవాళ్లలో నూటికి ఒక్కరి దగ్గర మిగులుతుందని, మిగిలినవారిలో మగవాళ్లే ఎక్కువని వివరించారు. నూటికి ఒకరంటే చిన్న సంఖ్యలా వినిపిస్తుంది గానీ, 2011 జనాభా లెక్కల ప్రకారం పదిహేడు లక్షలు దాటిన కోనసీమ జిల్లాకే ఆ లెక్క వేస్తే పదివేలకు పైమాట. ఇంతమందీ రోజూ ఎక్కడ మాట్లాడుతున్నారో, మాట్లాడకుండా ఎక్కడ నెట్టుకొస్తున్నారో నాకు తెలుసు. నేనూ ఒకణ్ణి కదా. వంశంలో వచ్చే అవకాశం ఎక్కువని, 2010లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో డెనిస్ డ్రేనా బృందం పాకిస్తానీ కుటుంబాలను పరిశీలించి దీనితో సంబంధమున్న జన్యువులను గుర్తించిందని చెప్పి, “మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అండి?” అని అడిగారు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను “లేదండి” అన్నాను. ఆ మాట ఎక్కడా తట్టుకోకుండా వచ్చింది. నత్తి ఉన్నవాడి నోట అబద్ధాలు నిజాలకన్నా సులువుగా వస్తాయి, ఎందుకంటే నోటికి తిరిగే మాటనే ఎంచుకుంటాడు.

ఆవిడ మరి అడగలేదు, కానీ ఇంటి పరిస్థితి అంతా అడిగి రాసుకున్నారు. మా అమ్మ పిల్లవాడికి పసితనంలో వస సరిగా పోయలేదని మా ఆవిడ మీద నెపం వేసి, నాలుగేళ్ల వాడికి మళ్లీ వసకొమ్ము అరగదీసి తేనెలో నాకించడం మొదలుపెట్టింది. పసిబిడ్డకు వస పోస్తే మాటలు బాగా వస్తాయన్నది మనలో తరతరాల నమ్మకం. ఎక్కువ మాట్లాడేవాణ్ణి వసపిట్ట అనడమూ అందులోంచే వచ్చింది. పక్కింటివాళ్లు కుక్క తరిమిన రోజును గుర్తుచేశారు. ఇంకొకరు, వాడు బడిలో ఎవరినో వెక్కిరించి ఉంటాడు, అందుకే అంటుకుందన్నారు. అన్నిటికన్నా ఎక్కువగా వినిపించింది మాత్రం తల్లి కోపిష్టిదని, కసరడం వల్లే బిడ్డ మాట బెదిరిందని. థెరపిస్టు గారు ఈ చివరి మాట దగ్గర ఆగారు. ఈ నెపం పల్లెటూళ్లలోనే కాదు, పెద్ద విశ్వవిద్యాలయాల్లోనూ పుట్టిందని, అమెరికాలో ఐయోవా విశ్వవిద్యాలయానికి చెందిన వెండెల్ జాన్సన్ అనే శాస్త్రవేత్త, స్వయంగా నత్తి ఉన్నవాడు, నత్తి పిల్లల నోట కాక తల్లిదండ్రుల చెవిలో పుడుతుందని భావించాడని, ఆయన పర్యవేక్షణలో 1939లో ఒక అనాథాశ్రమంలోని 22 మంది పిల్లల మీద చేసిన ప్రయోగంలో మామూలుగా మాట్లాడే పిల్లల్లో కొందరికి నీ మాట బాగాలేదని పదేపదే చెప్పి చూశారని, ఆ పిల్లలు మాట్లాడడానికే జంకేలా తయారయ్యారని, చివరికి 2001లో ఆ విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పుకుందని చెప్పారు. కసురు వల్ల నత్తి పుట్టదు. పుట్టిన నత్తిని దాచుకోవడం మాత్రం పిల్లవాడు కసురు వల్లనే నేర్చుకుంటాడని ఆవిడ అభిప్రాయం. మా ఆవిడ ఆ మధ్యాహ్నం యానాం దాటేదాకా ఏమీ మాట్లాడకుండా కిటికీలోంచి గోదావరిని చూస్తూ కూర్చుంది. మా అమ్మకు ఆ కథ చెప్పాను. విన్నది. వస మానలేదు, నెపం మాత్రం మానేసింది.

పిల్లవాడికి వాడిన పద్ధతిని లిడ్‌కోంబ్ అంటారు. సిడ్నీలోని ఒక పేట పేరది. ఇందులో చికిత్స ఎక్కువ భాగం ఇంట్లోనే, తల్లిదండ్రుల చేతి మీదుగానే జరుగుతుంది. రోజూ పది పదిహేను నిమిషాలు వాడితో కూర్చుని, బొమ్మల పుస్తకమో, కొబ్బరాకు బూరో మధ్యలో పెట్టుకుని మాట్లాడించి, మాట సాఫీగా వచ్చినప్పుడు మెచ్చుకోవాలి. ఎప్పుడో గాని తడబాటును ఎత్తిచూపకూడదు. రోజు చివర ఆనాటి నత్తి తీవ్రతకు సున్నా నుంచి తొమ్మిది వరకు ఒక అంకె వేసి, వారానికోసారి ఆ పట్టీ థెరపిస్టుకు చూపించాలి. లెక్కల గుమాస్తాకు ఇంతకన్నా నచ్చే వైద్యం ఏముంటుంది? ఇబ్బందల్లా మెచ్చుకోవడంతోనే వచ్చింది. మా గోదావరి వాళ్లకు “అండి” లేనిదే మాట పూర్తి కాదు, వెటకారం లేనిదే పూట గడవదు. మనస్ఫూర్తిగా మెచ్చుకోవడానికి మాత్రం నోరు పెగలదు. “భలే నున్నగా చెప్పావురా” అని మూడోరోజు నాలుగోసారి అనేసరికి మావాడు “ఊరికే అనకు నాన్నా” అన్నాడు. జూన్‌లో ఆరు, ఏడు వేసిన పట్టీలో నవంబరుకు ఒకటి, రెండు పడుతున్నాయి. ఇందులో చికిత్స వాటా ఎంతో, వయసుతో దానంతట అదే తగ్గినది ఎంతో నేను తేల్చలేను. ఆవిడ కూడా ఆ మాటే నిజాయితీగా చెప్పారు.

ఇక ముందుగది. పన్నెండు కుర్చీలు, ఒక చేపల తొట్టి, గోడకు ఒక టీవీ. ఆగస్టులో ఒక శనివారం ఆ టీవీలో హాస్య సన్నివేశాల కార్యక్రమం వస్తోంది. ఒక పాత్రధారి పెళ్లిచూపుల్లో తన పేరు చెప్పలేక మొహం వంకర్లు తిప్పుతున్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు అతని మాటను తలా ఒక రకంగా పూర్తిచేస్తున్నారు. మన తెలుగు సినిమాలకు నత్తి అనేది దశాబ్దాలుగా ఉచితంగా దొరికిన నవ్వుల సరుకు కాబట్టి అది ఏ సినిమా అన్నది పెద్ద విషయం కాదు. ఆ గదిలో ఉన్న ప్రతి తల్లీ తండ్రీ బిడ్డ మాట కోసం వచ్చినవాళ్లే, వాళ్లలో సగానికి సగం నవ్వుతున్నారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఎవరైనా కనిపెడతారన్న పాత భయం. మావాడు టీవీ చూశాడు, నా మొహం చూశాడు, చాలా సంబరంగా, గది మొత్తానికి వినబడేలా “నాన్నా, నీలాగే!” అన్నాడు.

ఇరవై ఏళ్లకు పైగా దాచుకున్నాననుకున్నది నాలుగేళ్ల పిల్లవాడికి తెలుసు. ఆ రోజే లోపలికి వెళ్లి థెరపిస్టు గారితో నిజం చెప్పాను, చెప్పడానికి చాలాసేపు పట్టింది, ఆవిడ నా వైపే చూస్తూ ఊరుకున్నారు. నా కోసం వేరే సమయం తీసుకున్నది అప్పుడే.

దాచుకోవడం అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక ఉదాహరణ చెబుతాను. కొట్టు పని మీద నెలకు రెండుసార్లు రాజోలు నుంచి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళతాను. కండక్టరు పక్కన నిలబడి “ఎక్కడికండి?” అని అడిగితే పాలకొల్లు అనడం నా వల్ల కాదు, “ప” నా పెదవులకు తాళం. “న” కాస్త మెత్తన. అందుకని నరసాపురం బస్సు ఎక్కి, నరసాపురానికే టికెట్టు తీసుకుని, పాలకొల్లులో దిగిపోతాను. ఏళ్ల తరబడి అదనంగా ఇచ్చిన ఆ డబ్బు కూడితే ఒక కొత్త సైకిలు వచ్చి ఉండేది. హోటల్లో పెసరట్టు తినాలని వెళ్లి ఇడ్లీ తిని వచ్చిన ఉదయాలు లెక్కలేనన్ని. జోసెఫ్ షీహన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నత్తిని నీటిలో తేలే మంచుకొండతో పోల్చాడని, వినబడే తడబాటు పైన తేలే ముక్క అయితే సిగ్గు, భయం, తప్పించుకునే ఉపాయాలు నీటి కింద ఉండే భాగమని ఆవిడ చెప్పారు. మంచుకొండ నేనెప్పుడూ చూడలేదు, కానీ వరదల్లో గోదావరి మీద కొట్టుకొచ్చే దుంగలు చూశాను; పైకి జానెడు కనబడుతుంది, పడవను బోల్తా కొట్టించేది కింద ఉన్నదే.

పెద్దవాళ్ల చికిత్సలో నత్తిని పోగొట్టడం కన్నా, తక్కువ శ్రమతో నత్తిగా మాట్లాడడం నేర్పుతారు. చార్లెస్ వాన్ రైపర్ అనే అమెరికన్ నిపుణుడు, ఈయనకూ నత్తి ఉండేది, రూపొందించిన దారి ఇది. మాట బిగిసినప్పుడు దానితో కుస్తీ పట్టకుండా పట్టు సడలించి జారవిడవడం, తడబడ్డ మాటను ఆగి మళ్లీ మెల్లగా అనడం, అన్నిటికన్నా ముందు భయాన్ని అరగదీయడం. ఈ మూడో పనికి ఆవిడ ఇచ్చిన ఇంటిపని నా జీవితంలో నేను చేసిన అతి కష్టమైన పని: పది కొట్లకు వెళ్లాలి, కావాలని, దాచకుండా నత్తితో అడగాలి, అవతలివాళ్లు ఏమి చేశారో రాసుకురావాలి. మా ఆవిడ తోడు వచ్చింది. నేను కొట్టు చిట్టా పుస్తకంలో గళ్లు గీసుకున్నాను: ఎంతసేపు ఆగారు, చూపు ఎటు ఉంది, నా మాట ఎవరు పూర్తిచేశారు.

అమలాపురం, రావులపాలెం, ఆత్రేయపురం కలిపి మూడు ఆదివారాల్లో పది కొట్లు పూర్తయ్యాయి. లెక్క ఇది. నలుగురు నా మాటను నాకన్నా ముందే పూర్తిచేశారు, ఆ నలుగురిలో ముగ్గురు తప్పుగా పూర్తిచేశారు. ఒక మందుల దుకాణంలో నేను పారాసిటమాల్ కోసం “పా” దగ్గర ఆగితే కుర్రవాడు పాంటోప్రజోల్ పట్టీ తీసి బల్ల మీద పెట్టి డబ్బు కూడా చెప్పేశాడు. జ్వరానికి వచ్చినవాడికి కడుపు మంట మాత్ర. ఇలా ఎన్నిసార్లు తప్పు సరుకు మారుమాట్లాడకుండా ఇంటికి మోసుకుపోయానో నాకే తెలుసు, ఎందుకంటే కాదని చెప్పాలన్నా మళ్లీ నోరు తెరవాలి. ఇద్దరు “నెమ్మదిగా చెప్పండి బాబూ, కంగారేం లేదు” అన్నారు. ఒకరు నన్ను వదిలేసి మా ఆవిడ వైపు తిరిగి “ఏం కావాలటమ్మా ఆయనకి?” అని అడిగారు. ఒకాయన నాకు చెవుడనుకున్నాడో ఏమో, ధరలన్నీ గట్టిగా అరిచి చెప్పాడు. బట్టల కొట్టులో ఒకాయన, మొహంలో నవ్వు కూడా లేకుండా, “తొందరేం లేదండి, సంక్రాంతి దాకా ఇక్కడే ఉంటాం” అన్నాడు. తొమ్మిది.

ఈ తొమ్మిదిమందిలో చెడ్డవాళ్లు ఎవరూ లేరని నా నమ్మకం. ఆ బట్టల కొట్టాయన కూడా అదే మాట ఎవరితోనైనా అనేవాడే. అసలు చిక్కు అక్కడే ఉంది. “నెమ్మదిగా చెప్పండి” అన్నవాళ్లు సాయం చేశామనే అనుకుంటారు, కానీ ఆ మాటలో నువ్వు కంగారు పడుతున్నావు కాబట్టి నీకు మాట రావడం లేదన్న తీర్పు ఉంది. కంగారు నత్తిని పెంచుతుందన్నది నిజమే. నత్తి పుట్టేది కంగారులోంచి కాదు. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో కెన్నెత్ సెయింట్ లూయిస్ తయారుచేసిన ప్రశ్నావళితో అనేక దేశాల్లో జనం అభిప్రాయాలు సేకరించారు. నత్తి ఉన్నవాళ్లు బెదురుగొడ్లు, సిగ్గరులు అనే నమ్మకం ఎక్కడికి వెళ్లినా తగులుతూనే ఉందని థెరపిస్టు గారు అన్నారు. మా ఊరి రామాలయంలో భజన చేసేటప్పుడు నా గొంతు ఎక్కడా ఆగదు, నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి పాటలో, పదిమందితో కలిసి చదివే పద్యంలో మాట తడబడదు. అది చూసిన పెద్దలు “పాడితే వస్తోందిగా, అంటే నీకున్నది రోగం కాదు, భయం” అని చిన్నప్పటి నుంచి తేల్చేస్తూనే ఉన్నారు. పెళ్లి సంబంధాల దగ్గర ఇదే భయం మాట మారి “అబ్బాయికి కాస్త మొహమాటం ఎక్కువండి” అవుతుంది. నా సంబంధం అలాగే కుదిరింది. మొహమాటం ఏ పాటిదో మా మామగారికి నన్ను ఇంటికి తీసుకెళ్లాక గాని తెలియలేదు.

పదో కొట్టు ఆత్రేయపురంలో. పూతరేకులు చేసే ఒక ఇంటి అరుగు. బోర్లించిన కుండ కింద మంట, పక్కన పలుచటి బియ్యప్పిండి నీళ్ల గిన్నె, ఆవిడ చేతిలో తెల్లటి గుడ్డ. గుడ్డను పిండిలో ముంచి కుండ మీద పరిచి లాగితే, కళ్ల ముందే తడి ఆరి ఉల్లిపొర లాంటి రేకు లేస్తుంది, దాన్ని రెండు చేతులతో ఎత్తి పక్కన వేస్తుంది. నేను “పూతరేకులు” అనబోయి “పూ” దగ్గర బిగుసుకున్నాను, ఈసారి కావాలని కాదు, నిజంగానే. ఆవిడ తల ఎత్తి నన్ను చూసింది, చూస్తూనే చేయి గిన్నెలోకి పోయింది, రేకు లేచింది, పక్కన పడింది. ఇంకొక రేకు. మూడో రేకు కుండ మీద ఉండగా నా మాట బయటకు వచ్చింది. “బెల్లంవా, పంచదారవా అండి?” అని అడిగింది. అంతే. జాలి లేదు, సలహా లేదు, చూపు తిప్పుకోవడమూ లేదు; నాకు మూడు రేకులంతసేపు పట్టింది, ఆవిడకు ఆ మూడు రేకులు ఎలాగూ వేయవలసినవే. “బెల్లం” అనడానికి మళ్లీ ఒక రేకు పట్టింది. చిట్టా పుస్తకంలో ఆ గడిలో ఏమి రాయాలో తోచక రేకుల సంఖ్య వేశాను.

ఆ పుస్తకం చూసి థెరపిస్టు గారు చాలాసేపు నవ్వారు. అప్పుడు నేను, ఇందులో పదకొండో కొట్టు ఒకటి మిగిలిపోయిందండీ అని, మొదటి రోజు ఫోన్ సంగతి, టీవీ సంగతి చెప్పాను. ఆవిడకు ఫోన్ సంగతి తెలియదు. నత్తి ఉన్నవాళ్ల ఫోన్‌లో నిశ్శబ్దం వినిపిస్తే కనీసం పదిహేను సెకన్లు ఆగాలని, వాట్సాప్‌లో రాసినా సమయం ఇవ్వాలని ముందుగది అమ్మాయికి చెబుతానన్నారు. రెండు నెలల తరువాత పరీక్షించి చూశాను: మొదటి ఫోన్‌లో ఆగింది, “ఉన్నానండి, చెప్పండి” అని కూడా అంది. రెండోసారి వేరే ఎవరో ఎత్తి పెట్టేశారు. వాట్సాప్ నంబరు ఇంకా బోర్డు మీద లేదు. హాస్య సన్నివేశాల కార్యక్రమమూ ఆగలేదు, ఇప్పటికీ వస్తోంది, ఎందుకంటే రిమోటు నిరీక్షించే వాళ్ల చేతుల్లోనే ఉంటుందట. కొట్లకు వెళ్లి జనం తీరును లెక్క రాసుకురమ్మనే కేంద్రానికి తన ముందుగది లెక్క పట్టకపోవడం నాకు మింగుడుపడలేదు. ఆ గుమ్మం దగ్గరే ఫోన్ పెట్టేసినవాళ్లు ఎంతమంది లోపలి మంచి వైద్యం దాకా రానే లేదో ఎవరు చెప్పగలరు?

వర్షాకాలంలో రోడ్లు బాగాలేనప్పుడు వీడియో కాల్‌లో కూడా చికిత్స ఇస్తారు. పెద్దవాళ్లకు అది సిఫారసు చేయను. మా ఊళ్లో నెట్‌వర్కు అంతంత మాత్రం. బొమ్మ కదలకుండా ఆగిపోయినప్పుడు ఆగింది ఫోనా, నేనా అన్నది ఆవిడకు తెలిసేది కాదు, పాపం మర్యాదకు పోయి రెండు నిమిషాలు అలాగే ఎదురుచూసిన రోజు కూడా ఉంది. పిల్లల విషయంలో మాత్రం పట్టీ చూపించి సలహా తీసుకోవడానికి అది చాలు.

డబ్బు సంగతి: ముప్పావు గంటకు ఐదువందలు, మొదటి పరీక్షకు ఎనిమిది వందలు, రసీదు ఇస్తారు. దివ్యాంగుల హక్కుల 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలను చేర్చి, వాటిలో మాటకు, భాషకు సంబంధించినది కూడా ఉంచారు గానీ, అక్కడ ఉదాహరణలుగా చెప్పినవి స్వరపేటిక తొలగింపు, అఫేసియా (మెదడు దెబ్బతిని మాట పోవడం). నత్తి పేరు లేదు. కాబట్టి ధ్రువపత్రంతో రాయితీ వస్తుందనే లెక్కతో వెళ్లవద్దు. అంత ఖర్చు పెట్టలేనివాళ్లు, లేదా రెండో అభిప్రాయం కావాలనుకునేవాళ్లు, 1965లో స్థాపించిన మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థను గానీ, సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రమున్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థను గానీ సంప్రదించవచ్చు; మనకు రెండూ దూరమే.

ఐదు నక్షత్రాలకు థెరపిస్టు గారికి ఐదూ ఇస్తాను, ముందుగదికి ఒకటిన్నర. అమలాపురం నుంచి ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా వెళ్లే బస్సు దొరికితే రెండు గంటల ప్రయాణం. ఫోన్ మీరు చేయలేకపోతే నేరుగా వెళ్లి చీటీ మీద రాసి ఇవ్వండి, తీసుకుంటారు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు శనివారం ఉదయం తొమ్మిది గంటల సమయం అడగండి, ఆ వేళకు గదిలో టీవీ ఇంకా పెట్టరు.